చిన్న పడవకు చుట్టుకునే తెరచాప కావాలా?

నూలు మిల్లుల ఊరు మన రాజపాళయం. ఒకప్పుడు తెరచాపలూ నూలుగుడ్డవే. ఇప్పుడు ఎక్కువగా పాలిస్టర్. తూత్తుకుడి వైపు వెళ్లి సొంతంగా చిన్న తెరచాప పడవ నడపాలనుకునేవారు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. పెద్ద చాప తనను నిలబెట్టే నిలువు కొయ్యలోపలికే చుట్టుకుపోయే ఏర్పాటు పెట్టించుకోవాలా, వద్దా?

సుఖం ఉంది, కాదనను. గాలి ముదిరితే కూర్చున్నచోటి నుంచే తాడు లాగి చాప తగ్గించవచ్చు. ఊగే పడవ మీద పాకక్కర్లేదు. కానీ కొయ్యలో ఇమడాలంటే చాపకు అడ్డబద్దలు ఉండకూడదు. చాప వెనక అంచు ఉబ్బును నిలబెట్టేవి అవే, అవి లేకపోతే ఆ ఉబ్బును మామూలుగా కోసేస్తారు. చాప వైశాల్యం తగ్గి పడవ మందగిస్తుంది. పైన బరువు పెరిగి మరింత ఒరుగుతుంది. పాతబడి సాగిన గుడ్డ ఆ సన్నని సందులో ముడతపడి ఇరుక్కుందంటే అటు రాదు, ఇటు పోదు. నాకు భయం అక్కడే.

2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో హైదరాబాద్ ఐశ్వర్య, విశాఖ స్వాతి ఉన్నారు. అది 56 అడుగుల పడవ. మన చిన్న పడవ సంగతి వేరు: 30 అడుగుల లోపు పడవలో చాపను ఒక్కరే దించగలరు. కింది నుంచి మడిచి కట్టే పాత పద్ధతే చాలు. భుజాల్లో సత్తువ తగ్గినవారు, చుక్కాని పట్టే తోడు లేక ఒంటరిగా వెళ్లేవారు మాత్రం చుట్టుకునే చాపకు ఖర్చు పెట్టవచ్చు. కొనేముందు రేవులోనే చాపను పలుమార్లు విప్పి, చుట్టి చూడండి.