ఊరు లేని ఆడది - ఊరి మీద హక్కు

(నరసరావుపేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఒంటరి స్త్రీల నివాస హక్కు గురించి మాట్లాడమన్నారు. ఒంటరి స్త్రీ అనగానే మనకు భర్త వదిలేసిన స్త్రీ, భర్త చనిపోయిన స్త్రీ గుర్తుకొస్తారు. వీళ్లకు పుట్టిల్లనీ మెట్టినిల్లనీ కనీసం మాటవరసకైనా రెండు చోట్లున్నాయి. ఈ రెండూ లేని స్త్రీల గురించి నేను మాట్లాడదలచుకున్నాను. ఎక్కడి నుంచో వచ్చి, ఒక చిన్న పట్నంలో ఒక మనిషిని ఇష్టపడి, అక్కడే ఉండిపోయినవాళ్లు. సర్వేల్లో వీళ్లకు గడి ఉండదు. మన సంఘాల రిజిస్టర్లలో కూడా చాలాసార్లు ఉండదు.

"ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని మన సామెత. అంటే పుట్టిన ఊరు స్త్రీది కాదు. మెట్టిన ఊరు పెళ్లి ద్వారా మాత్రమే ఆమెది అవుతుంది. ఈ లెక్కన ప్రతి స్త్రీ ఒకరకంగా సంచారే. అయితే పెళ్లి అనే పత్రం చేతిలో ఉన్న సంచారికి గౌరవం, అది లేని సంచారికి అనుమానం. ఇక్కడ ప్రేమ ఎక్కడుంది, హక్కు ఎక్కడుంది అన్నది మనం విడదీసి చూడాలి.

పల్నాడు కథలో ఊరు

మనం కూర్చున్న ఈ ప్రాంతపు కథే ఊరు పోగొట్టుకోవడం గురించిన కథ. పన్నెండో శతాబ్దం నాటి పల్నాటి యుద్ధాన్ని కోడిపందెం కోసం జరిగిన యుద్ధంగా చెప్పుకుంటాం. కోడిపందెంలో పణం ఏమిటి? ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడిచి పోవాలి. మాచర్ల పక్షం ఓడిపోయి ఊరు విడిచింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అలరాజును గురజాలకు రాయబారం పంపారు. అతన్ని చంపేశారు. ఆ తరువాతే కారెంపూడి యుద్ధం. తిరిగొచ్చి మా చోటు మాకివ్వండి అని అడగడం మీద ఇంత రక్తం ప్రవహించింది. అలరాజు భార్య పేరిందేవి, గురజాల రాజు నలగాముడి కూతురే, భర్తతో పాటే సహగమనం చేసిందని కథ. పుట్టినింటికీ మెట్టినింటికీ మధ్య ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే అయింది.

ఇదే కథలో ఇంకొక స్త్రీ ఉంది. నాయకురాలు నాగమ్మ. ఆమె ఈ ప్రాంతపు మనిషి కాదనీ, తెలంగాణ వైపు నుంచి వచ్చి దాచేపల్లి దగ్గరి గామాలపాడులో స్థిరపడిందనీ, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుందనీ స్థానిక గాథలు చెబుతాయి. వలస వచ్చిన వితంతువు గురజాల కొలువులో మంత్రి అయింది. చరిత్రగా ఇందులో ఎంత నిలుస్తుందన్నది వేరే చర్చ. మనకు కావలసింది జనం ఈ కథను ఎట్లా గుర్తుపెట్టుకున్నారన్నది. అవతల మంత్రి బ్రహ్మనాయుడు, చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టినవాడు. మాలదాసరి కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనాపతిని చేసినవాడు. ఆయన పేరు గౌరవంగా నిలిచింది. ఇవతల నాగమ్మ పేరు కుట్రకు మారుపేరైంది. ఇద్దరూ రాజకీయమే నడిపారు. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేశారు. అంత గొప్ప నటులు కావలసి వచ్చిన పాత్రను మనం ఇప్పటికీ "నాగమ్మలాంటిది" అని తిట్టుగానే వాడుకుంటున్నాం. ఎక్కడి నుంచో వచ్చిన మగవాడు ఊరిని ఉద్ధరిస్తాడు, ఎక్కడి నుంచో వచ్చిన ఆడది ఊరిని చెడగొడుతుంది అన్న నమ్మకం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సంచారం నేరమైన కాలం

ఈ అనుమానాన్ని చట్టం చేసింది బ్రిటిష్ ప్రభుత్వం. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి అప్పటి గుంటూరు జిల్లాలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టారు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఉప్పు, ధాన్యం, బుట్టలు మోసుకుంటూ ఊరూరూ తిరిగి బతికినవాళ్లకు ఊరు దాటాలంటే పాసు కావలసి వచ్చింది. ఒకచోట ఉంచడమంటే వాళ్లకు ఊరు ఇవ్వడం కాదు, కాపలా పెట్టడం. ఈ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. రద్దయినా ముద్ర పోలేదు. స్టూవర్టుపురంలో పనిచేసిన హేమలతా లవణం ఈ పల్నాటి మనిషే. వినుకొండ కవి జాషువా కూతురు. అస్పృశ్యత వల్ల సొంత ఊళ్లోనే పరాయివాడైన కవి కూతురు, ఊరు లేకుండా చేయబడ్డవాళ్ల దగ్గరికి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

తెగలకు ఒక చట్టమైతే, విడి మనుషులకు మరొకటి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 109వ సెక్షను కింద, కనిపించే జీవనాధారం లేని మనిషిని, తన గురించి తృప్తికరంగా చెప్పుకోలేని మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి సత్ప్రవర్తనకు బాండు అడగవచ్చు. 1973 కోడులో ఆ భాగం పోయింది. కానీ "నీ గురించి తృప్తికరంగా చెప్పుకో" అని అడిగే అలవాటు ఆఫీసుల్లోనూ వీధుల్లోనూ పోలేదు.

లంబాడీల చరిత్ర కొంత వేరు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకెళ్లే వ్యాపారం రైళ్లూ, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యమూ వచ్చాక దెబ్బతిన్నది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు కనిపించే సుగాలీ తండాలు అట్లా నిలిచిపోయిన సంచారం. చాలా తండాలకు మొదటి నాయకుడి పేరే ఉంటుంది. ఆ గుడిసెలు వేసిన ఆడవాళ్ల పేర్లు తండాలకు పెద్దగా కనిపించవు. అయినా గుంపుగా వచ్చినవాళ్లు ఎప్పటికైనా ఒక ఊరవుతారు. ఒంటరిగా వచ్చిన స్త్రీ మాటేమిటి?

ఒక స్త్రీ చెప్పింది

మాచర్లలో నేను కొన్నేళ్లుగా మాట్లాడుతున్న ఒక స్త్రీ గురించి చెబుతాను. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. వయసు అరవై దాటింది. తల్లిదండ్రులు పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట నాగార్జునసాగర్ పనికి వచ్చారు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాము రాతికట్టడం. వేలమంది కూలీలు రాయి మోసి కట్టింది. ఈమె అక్కడి గుడిసెల్లో పుట్టింది. 1967లో కాలవలకు నీళ్లు వదిలాక ఆ కూలీలకు అక్కడ పని లేదు. డ్యాము కట్టినవాళ్లకు దాని కింద ఒక సెంటు లేదు. కుటుంబం కాలవ పనికీ, తరువాత వేరే ప్రాజెక్టులకూ, ఆ తరువాత పిడుగురాళ్ల సున్నం బట్టీలకూ తిరిగింది. తల్లి చనిపోయేదాకా ఆమెతోనే తిరిగిన ఈ కూతురు ముప్పై ఏళ్ల వయసులో మాచర్లకు బండల పనికి వచ్చింది.

"ఏ ఊరని చెప్పేది తల్లీ, డ్యాం కాడ పుట్టా. డ్యాం ఊరేంది?" అంటుంది.

అక్కడ సైకిల్ షాపు పెట్టుకున్న మనిషి పరిచయమయ్యాడు. కులాలు వేరు. ఇద్దరికీ అంతకుముందు పెళ్లిళ్లు లేవు. "అందరూ నన్ను ఏ ఊరు, ఎవరి మనిషివి అని అడిగేవోళ్లు. ఆయన తిన్నావా అని అడిగాడు" అని చెప్పింది. పాతికేళ్లకు పైగా కలిసి ఉన్నారు. గుడిలోనో కోటప్పకొండ మీదో తాళి కట్టించుకుందామని అనుకుంటూనే రోజులు గడిచిపోయాయట. పిల్లలు లేరు. పొద్దున ఇడ్లీలు వేసి అమ్మేది, మధ్యాహ్నం షాపులో కూర్చునేది. ఆయన కొన్న చిన్న ఇంట్లోనే ఉన్నారు.

ఇక్కడ వీధి భాషను గమనించండి. ఆయన గురించి "చేరదీశాడు" అన్నారు. ఆమె గురించి "ఉంటున్నది" అన్నారు. "పెళ్లి చేసుకున్నాడు", "పెట్టుకున్నాడు", "ఉంచుకున్నాడు" - ఈ మూడు క్రియల్లో ఏది వాడతారన్న దానిమీద ఒక స్త్రీ బతుకు ఆధారపడి ఉంటుంది. మూడింట్లోనూ కర్త మగవాడే. ఆమె ఆయన్ని ఎంచుకుంది అని చెప్పడానికి వీధి దగ్గర మాటే లేదు.

ఆమెను ఊరిలో కలిపింది ఆ ప్రేమ ఒక్కటే కాదు. ఆ వీధి ఆడవాళ్లు డ్వాక్రా గ్రూపు పెట్టుకున్నప్పుడు ఒక మనిషి తక్కువైంది. ఈమెను రమ్మన్నారు. "ఎక్కడిదో, అప్పు తీసుకుని పోతే?" అని ఒకామె అడిగిందట. ఇంకొకామె "ఇన్నేళ్లూ పోనిది ఇప్పుడు పోతుందా" అన్నదట. మినిట్స్ పుస్తకంలో ఆమె పేరు, పక్కన భర్త పేరు గడిలో ఆయన పేరు రాశారు. ఆమె పేరూ ఆ ఊరి పేరూ కలిసి ఉన్న మొదటి కాగితం అదే.

ఆయన గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజు దాటగానే ఆయన అన్న కొడుకులు వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. వితంతు పింఛనుకు వెళితే పెళ్లి అయినట్టు రుజువేదన్నారు. పాతికేళ్లు కలిసి బతికిన మనిషికి సంతాపం చెప్పవలసిన వాళ్లు సంబంధమేమిటని అడిగారు.

చట్టం ఏమిచ్చింది, ఏమివ్వలేదు

ఇటువంటి కేసు వస్తే మనలో చాలామంది "పెళ్లి కాలేదుగా, ఏం చేయగలం" అంటాం. ఇది సరికాదు. దారులున్నాయి.

మొదటిది, చాలాకాలం భార్యాభర్తలుగా కలిసి ఉన్నవాళ్లను కోర్టు వివాహితులుగా భావించవచ్చు. 1978లో బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు యాభై ఏళ్ల సహజీవనాన్ని అట్లాగే చూసింది. కాదనేవాళ్లే అది రుజువు చేయాలి. అట్లా భార్యగా నిలబడితే హిందూ వారసత్వ చట్టం కింద ఆమె మొదటి వరస వారసురాలు. నిలబడకపోతే వారసత్వం లేదు. అప్పుడు అన్న కొడుకులే వారసులు.

రెండోది, 2005 గృహహింస చట్టం. "వివాహం వంటి సంబంధం"లో ఉన్న స్త్రీకి కూడా అది కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. అటువంటి సంబంధానికి 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు కొలతలు పెట్టింది. లోకం ముందు దంపతుల్లా మెలగాలి, పెళ్లికి అర్హులై ఉండాలి, ఇష్టపూర్వకంగా తగినంత కాలం కలిసి ఉండాలి. 2022లో ప్రభా త్యాగి కేసులో, భర్త పోయిన స్త్రీకీ ఉమ్మడి నివాసంలో ఉండే హక్కుందని చెప్పింది. ఇంటి మీద యాజమాన్యం రాకపోయినా గెంటివేయడాన్ని ఆపవచ్చు.

"లోకం ముందు దంపతుల్లా" అన్న మాట దగ్గర ఆగుదాం. లోకం అంటే ఎవరు? ఈ కేసులో లోకం అంటే పదిమంది ఆడవాళ్లూ ఒక మినిట్స్ పుస్తకమూ. ఓటరు జాబితాలో ఒకే ఇంటి నెంబరు, గ్యాసు పుస్తకం, గ్రూపు రిజిస్టరు పట్టుకుని ఆ ఆడవాళ్లు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లారు. మేం సాక్ష్యం చెబుతాం, కోర్టుకైనా వస్తాం అన్నారు. అన్న కొడుకులు తగ్గారు. ఆమె బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండేట్టు కాగితం రాసుకున్నారు. ఇల్లు మాత్రం వాళ్ల పేరుకే మారింది. ఇది న్యాయమని నేను అనను. కోర్టుకు వెళ్లి ఉంటే భార్యగా మొత్తం రావలసింది కావచ్చు. "ఏళ్ల తరబడి తిరిగే ఓపిక లేదమ్మా, తిరిగింది చాలు" అని ఆమె అన్నది. తిరగడంలోనే సగం బతుకు గడిచిన మనిషి ఆ మాట అన్నప్పుడు ఆమె నిర్ణయాన్ని మనం గౌరవించాలి. అదే సమయంలో, న్యాయం కోసం అంత తిరగవలసి రావడం ఎవరి తప్పని అడగాలి కూడా.

మనం చేయవలసినవి

మన రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. అందులో తండ్రి ఊరు, భర్త ఊరు అన్న మాటల్లేవు. ఈ హక్కు స్త్రీల దాకా రావాలంటే మన సంఘాలు చేయగల చిన్న పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, గ్రూపులో చేర్చుకునేటప్పుడు "స్వగ్రామం" దగ్గరే ఆగిపోకండి. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నదో రాయండి. అది రేపు సాక్ష్యమవుతుంది. రెండు, కలిసి బతుకుతున్న జంటలకు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెళ్లి రిజిస్ట్రేషన్ గురించీ, వీలునామా గురించీ చెప్పండి. 2002 నుంచీ మన రాష్ట్రంలో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న సంగతే చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ వద్దనుకునే జంటకు వీలునామా మరీ అవసరం. మూడు, పత్తికీ మిరపకాయ కోతలకూ బండల పనికీ బట్టీలకూ వచ్చే స్త్రీలను "వలస కూలీలు" అన్న ఒక్క మాటలో ముగించకండి. వాళ్లలో ఉండిపోయినవాళ్లు ఎవరో, ఎందుకు ఉండిపోయారో అడగండి. వాళ్లకూ ఇష్టాలుంటాయి. నాలుగు, మన మాట మార్చుకుందాం. "ఫలానా అతను ఉంచుకున్నామె" అని మన కేసు ఫైళ్లలో కూడా కనిపిస్తోంది. "ఫలానా అతనితో కలిసి బతికినామె" అని రాయడానికి ఇంకొక్క పదం చాలు.

ఊరు లేని మనిషికి ప్రేమ దొరకడం అదృష్టం కావచ్చు. ఆ ప్రేమ పోయిన మర్నాడు కూడా ఆమె అదే వీధిలో, అదే ఇంట్లో పొయ్యి వెలిగించుకోగలగడం మాత్రం అదృష్టానికి వదిలేయకూడదు. మీ మీ ఊళ్లలో ఇటువంటి స్త్రీలు తప్పకుండా ఉంటారు. వచ్చే సమావేశానికి మీ గ్రూపు రిజిస్టర్లు తీసుకురండి, కలిసి చూద్దాం.