కొత్త నాటకం ముందు మనం
(ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత నాటకం గురించి మాట్లాడడం సులభం. దాని మీద తీర్పు మనకంటే ముందు తరాలవారు చెప్పి వెళ్లారు. మనం ఆ తీర్పును గౌరవంగా మళ్లీ చదివితే సరిపోతుంది. మన కాలంలో, మన మధ్య బతుకుతున్న రచయిత రాసిన నాటకానికి ఆ వసతి లేదు. అది బాగుందో లేదో తేల్చవలసిన మొదటి మనిషి టికెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చున్నవాడే.

మన విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. తెర లేవగానే మన కళ్లు పాత్రను వెతకవు, టోపీని వెతుకుతాయి. ఆ టోపీ పెట్టుకున్నవాడు మంచివాడా, దుర్మార్గుడా అన్నది తేలేవరకు మనకు ఊపిరి ఆడదు. మంచివాడని తేలితే చప్పట్లు కొడతాము, కాకపోతే వినతిపత్రం రాస్తాము. ఈ భయాన్ని నేను ఎగతాళి చేయడం లేదు. దశాబ్దాలుగా వెండితెర మన మీద వేసిన ముద్రల వల్ల కలిగిన భయం అది. అయితే ఈ తూనికతో నాటకం విలువ తెలియదు. తెలిసేది మన భయం బరువు మాత్రమే.

మన పరిషత్తు నాటికల్లో తరచు కనిపించే పాత్రను గుర్తుచేసుకోండి. కథానాయకుడికి ప్రాణస్నేహితుడు, పేరు రహీమో కరీమో అయి ఉంటుంది. చివరి రంగంలో స్నేహితుని కోసం రక్తం ఇస్తాడు, లేదా ప్రాణమే ఇస్తాడు. అతనికి ఇల్లు ఉండదు, భార్యతో తగవు ఉండదు, అప్పు ఉండదు. ఏ విషయం మీదా స్వంత అభిప్రాయం ఉండదు. ఇటువంటి పాత్రను చూసి మనం కృతజ్ఞత చూపుతున్నాము. నాకు మాత్రం ఆ పాత్ర కూడా ఒక రకమైన అవమానంగానే తోస్తుంది. దుర్మార్గుడిగా చూపినప్పుడు మనకు మనిషితనం లేదన్నారు. ఇంత మంచివాడిగా చూపినప్పుడూ అది లేదనే అన్నారు.

ఇప్పుడు ఒక నాటకం గురించి కొంత వివరంగా చెబుతాను. అస్గర్ వజాహత్ 1946లో ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్‌లో పుట్టారు. ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో హిందీ బోధించారు. ఆయన రాసిన ‘జిస్ లాహౌర్ నయ్ దేఖ్యా ఓ జమ్యాఇ నయ్’ నాటకాన్ని 1990లో హబీబ్ తన్వీర్ ఢిల్లీలో ప్రదర్శించారు. లాహోరు చూడనివాడు పుట్టనట్టే అనే పంజాబీ నానుడి నుంచి ఆ పేరు వచ్చింది.

కథాకాలం దేశవిభజన. లక్నో నుంచి లాహోరుకు వలస వచ్చిన సికందర్ మీర్జా కుటుంబానికి, ఒక హిందూ నగల వ్యాపారి విడిచి వెళ్లిన పెద్ద హవేలీని ప్రభుత్వం కేటాయిస్తుంది. సామాను దించుకున్న తర్వాత తెలుస్తుంది, ఆ ఇంట్లో వ్యాపారి తల్లి ఇంకా ఉన్నదని. ఈ ఇల్లు నాది, ఇక్కడి నుంచి కదలనంటుంది ఆ ముసలమ్మ. లక్నోలో సర్వస్వం పోగొట్టుకుని వచ్చిన ఈ కుటుంబానికి ఇప్పుడు ఆమె అడ్డు. ఆమెను ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించే మొదటి మనుషులు ఆ ఇంటివారే. రచయిత వారిని దేవతలుగా చూపలేదు. ఇల్లు పోయినవారికి ఇల్లు కావాలి, అంతే. ఆ తర్వాత వంటింటి నుంచి, అంగడి సరుకుల నుంచి, మందూమాకుల నుంచి మెల్లగా ఒక బంధుత్వం మొలుస్తుంది. ఇంటి ఆడపిల్ల తన్నో ఆమెను దాదీ అని పిలుస్తుంది. కొంతకాలానికి ముసలమ్మ తానే హిందుస్తాన్ వెళ్లిపోతానన్నప్పుడు, వద్దని బతిమాలేది కూడా ఆ కుటుంబమే.

వీధిలో యాకూబ్ పహిల్వాన్ అనేవాడు ఉన్నాడు. లాహోరులో ఒక్క హిందువు కూడా మిగలకూడదన్నది అతని పంతం. మాట్లాడినప్పుడల్లా ఇస్లాం పేరు చెబుతాడు. అతనికి ఎదురు నిలిచే మౌల్వీ ఇక్రాముద్దీన్ కూడా ఇస్లాం పేరు చెప్పే ఎదురు నిలుస్తాడు. మౌల్వీ నోట లౌకికవాదం అన్న మాట రాదు. పొరుగువాని హక్కు ఏమిటి, దిక్కులేని స్త్రీ హక్కు ఏమిటి, చనిపోయినవారి పట్ల బతికున్నవారి విధి ఏమిటి అన్న ధర్మం నుంచే అతను వాదిస్తాడు. ముసలమ్మ మరణించాక అంత్యక్రియల ప్రశ్న వస్తుంది. ఆమె మతాచారం ప్రకారమే జరపాలంటాడు మౌల్వీ. ఆ పద్ధతి తెలిసినవారు ఊళ్లో ఎవరూ మిగలలేదు. అందువల్ల తలా ఒకటి గుర్తుచేసుకుంటూ ముస్లిములే ఆమె పాడె మోసి రావి నది ఒడ్డున దహనం చేస్తారు. దాని మూల్యం మౌల్వీ చెల్లిస్తాడు. మసీదులోనే అతన్ని హత్య చేస్తారు.

ఈ నాటకంలో తగవు హిందువుకు, ముస్లిముకు మధ్య కాదు, ముస్లిముకు, ముస్లిముకు మధ్య. మీర్జా ఉన్నాడు, అతని భార్య హమీదా బేగం ఉంది, పహిల్వాన్, మౌల్వీ, టీ కొట్టు అలీం ఉన్నారు, కవి నాసిర్ కాజ్మీ సైతం పాత్రగా వస్తాడు. ఇంతమంది ఉన్నప్పుడు ఏ ఒక్కరూ మొత్తం సమాజానికి ప్రతినిధిగా నిలబడవలసిన అవసరం రాదు. పహిల్వాన్‌ను చూసి మనం భుజాలు తడుముకోము. రంగస్థలం మీద ఒక్కడే ముస్లిం ఉన్నప్పుడు అతను కోట్లాదిమంది బరువు మోయాలి. పదిమంది ఉన్నప్పుడు ప్రతి ఒక్కరూ తమ బరువు తాము మోస్తారు.

అందరికీ నచ్చే నాటకాన్ని మెచ్చుకోవడం పెద్ద పరీక్ష కాదు. నచ్చని నాటకం ఒకటి చెబుతాను. పాకిస్తానీ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన అయాద్ అఖ్తర్ రాసిన ‘డిస్‌గ్రేస్డ్’ 2013లో పులిట్జర్ బహుమతి పొందింది. న్యూయార్కులో పేరున్న న్యాయవాది అమీర్. తన ఇంటిపేరు మార్చుకుని కపూర్ అని చెప్పుకుంటున్నాడు. ఇస్లాంను తిట్టడంలో అందరికంటే ముందుంటాడు. ఒక రాత్రి ఇంట్లో విందు, తాగుడు, వాదన. సెప్టెంబర్ 11 దాడుల విషయంలో తనలో ఎక్కడో ఒక గర్వరేఖ కదిలిందని ఒప్పుకుంటాడు. చివరకు భార్య వేరొకరితో సంబంధం పెట్టుకున్నదని తెలిసి ఆమెను దారుణంగా కొడతాడు.

మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. శత్రువు రాసినా ఇంత రాయడనిపించింది. రెండవసారి చదివినప్పుడు ఆ కపూర్ అన్న పేరు దగ్గర ఆగిపోయాను. మన నగరాల్లో అద్దె ఇల్లు వెతుక్కునే మన పిల్లలు ఫోనులో అసలు పేరు చెప్పడానికి తడబడడం మనకు తెలియని సంగతా? పేరు దాచుకున్నవాడి లోపల ఏమి పేరుకుంటుందో చూపడానికి అఖ్తర్ ధైర్యం చేశాడు. అమీర్ మేనల్లుడు మరొక దారిలో వెళతాడు. అమెరికన్ పేరు పెట్టుకుని తిరిగిన ఆ కుర్రవాడు చివరికి మళ్లీ హుస్సేన్ అవుతాడు, పోలీసు విచారణ భయం ముంగిట నిలబడతాడు.

అయినా ఆ దెబ్బల దృశ్యాన్ని నేను ఒప్పుకోలేదు. అంతకుముందు మత గ్రంథం గురించి అమీర్ చేసిన వాదనకు రుజువుగా రచయిత దాన్ని తెచ్చిపెట్టినట్టు ఉంది. అక్కడ మనిషి కాక ప్రతిపాదన చేయి ఎత్తింది. ఈ ఫిర్యాదు నాటకం తెలిసినవాడు చేసే ఫిర్యాదు. మనల్ని చెడుగా చూపారన్న ఫిర్యాదు వేరు. రెండవదానికి రచయిత జవాబు చెప్పనక్కరలేదు, మొదటిదానికి చెప్పాలి.

మన తెలుగు నేలకు వద్దాము. పిఠాపురం ఉమర్ అలీషా పద్యనాటకాలు రాశారు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోసి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన గొంతులో విన్నవారు ఈ సభలోనూ ఉండవచ్చు. అందరి కథలూ చెప్పాము. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ నుంచి మన ఇంటి బాధ తెలుగు కవిత్వంలోకి వచ్చింది, కథల్లోకీ విస్తారంగా వచ్చింది. రంగస్థలం మీదికి మాత్రం ఆ స్థాయిలో రాలేదు. నాటకానికి పదిమంది నటులు, ఒక హాలు, లైట్లు, రాత్రుళ్లు ఇంటికి ఆలస్యంగా వచ్చే ఆడపిల్లను తప్పుపట్టని తల్లిదండ్రులు కావాలి. ఇవన్నీ సమకూర్చవలసిన పని రచయితది కాదు, మనది.

వచ్చే నెల మా ఇంటి డాబా మీద లాహోరు నాటకాన్ని చదవాలనుకుంటున్నాము. నటించడం కాదు, పాత్రలు పంచుకుని కూర్చుని చదవడమే. ముసలమ్మ పాత్రకు మా వీధిలోని ఒక హిందూ సోదరి ఒప్పుకున్నారు. మౌల్వీ పాత్రకు నలుగురు పోటీ పడుతున్నారు. పహిల్వాన్ పాత్ర చదవడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. మీలో ఎవరైనా సిద్ధంగా ఉంటే సభ ముగిశాక నన్ను కలవండి.