బక్రీద్ వస్తోంది: చొక్కాకి మందు, చేతికి గ్లౌజు

శుక్రవారం దార్సైట్‌లో మనవాళ్లం కూడినప్పుడు నేను చెప్పిన మాటల్ని రాసి పెట్టమన్నారు. డ్యూటీ ఉండి రాలేనివాళ్ల కోసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, సైటు సూపర్‌వైజర్ని. పొద్దున వచ్చిన మనిషిని సాయంత్రం క్షేమంగా రూముకి పంపడం నా పని. ఆ లెక్కలోనే వినండి.

గోమార్లు మీకు తెలుసు. కొన్ని ఊళ్లలో పిడుదులు అంటారు. ఊళ్లో బర్రె చెవిలోంచి పీకి రాయి మీద నలిపినవాళ్లమే మనం. ఇక్కడ ఆ పని చేయకండి. ఇక్కడి మేకలు, గొర్రెలు, ఆవులు, ఒంటెల మీద ఉండే గోమార్లలో కొన్నింటికి క్రిమియన్ కాంగో జ్వరం పురుగు ఉంటుంది. ఒమన్‌లో ఈ జబ్బు 1995లోనే కనబడింది, 2011 నుంచి మళ్లీ వస్తోంది. అదే 2011లో మన గుజరాత్‌లోనూ బయటపడింది. పదిమందికి వస్తే ముగ్గురు నలుగురు పోయే జబ్బు ఇది. ఇంకో సంగతి, జబ్బున్న మేక చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. మేతా మేస్తుంది, గంతులూ వేస్తుంది. చూసి కనిపెట్టలేం.

ఇది మనిషికి రెండు దార్లలో వస్తుంది. ఒకటి, గోమారి కుడితే. రెండు, పశువు రక్తం, పచ్చి మాంసం మన చేతి గాయానికో కంటికో నోటికో తగిలితే.

మొదటి దారికి అడ్డం బట్టలు. ఈ రకం గోమారి గడ్డి మీద కూర్చుని ఎదురుచూడదు. మనిషి అలికిడి తెలిస్తే నేల మీద పరుగెత్తుకుంటూ వస్తుంది, కాలి దగ్గర ఎక్కుతుంది. అందుకే మజ్రాలో, ఇజ్బాలో పనిచేసేవాళ్లు, మేకలు తిరిగే వాదీల పక్కన సైటు ఉన్నవాళ్లు ప్యాంటు అంచుని సాక్సు లోపలికి దోపండి. లేత రంగు బట్టలైతే పాకేది కనబడుతుంది. ఆ బట్టలకే పెర్మెత్రిన్ అనే మందు కొట్టొచ్చు. అమెరికా సైనికుల యూనిఫాంకి వాడేది ఇదే. అర శాతం మందు ఉన్న స్ప్రే, డబ్బా మీద బట్టలకు అని రాసి ఉన్నదే కొనండి. ఆరుబయట ప్యాంటు, చొక్కా, సాక్సు, బూటు మీద తడిసేలా కొట్టి, పూర్తిగా ఆరాకే తొడుక్కోండి. ఐదారు ఉతుకుల దాకా పనిచేస్తుంది. ఒంటికి పూయొద్దు, లోపలి బట్టలకు కొట్టొద్దు. క్యాంపులో పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దగ్గరికి రానీయొద్దు.

ఇక్కడ గట్టిగా చెప్తున్నా. మజ్రాలో చెట్లకు కొట్టే మందు, గొర్రెల్ని ముంచే మందు ఉంది కదా అని దాంట్లో చొక్కా నానబెట్టకండి. పత్తి చేలో మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన మనుషుల్ని చూసినవాళ్లం. అది చెమటతో ఒంట్లోకి దిగుతుంది. గోమారి సంగతి తర్వాత, ముందు మనమే పడతాం. స్ప్రే దొరక్కపోతే పొడుగు బట్టలు, సాక్సు, సాయంత్రం ఒళ్లు చూసుకోవడం చాలు. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, నడుం పట్టీ కింద, చెవి వెనక చూడండి. కనబడితే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగండి. బీడీతో కాల్చొద్దు, కిరోసిన్ పోయొద్దు, గోటితో నలపొద్దు. తర్వాత సబ్బుతో కడగండి.

రెండో దారికి మాత్రం చొక్కా మందు అడ్డం కాదు. బక్రీద్ నాడు నాలుగు రియాళ్లు వస్తాయని మనవాళ్లు ఇళ్ల దగ్గర కోతకి వెళ్తారు. అర్బాబ్ పిలిస్తే కాదనలేరు, నాకు తెలుసు. మున్సిపాలిటీ మస్లఖ్‌కి తోలుకుపోదామని ముందు అడిగి చూడండి. తప్పదంటే గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు, బూట్లు, పొడుగు చేతుల చొక్కా కావాలి. చేతికి తెగిన గాయం ఉంటే ఆ పని ఒప్పుకోవద్దు. ఇళ్లలో వంట చేసే అక్కలు కూడా అప్పుడే కోసిన మాంసాన్ని గ్లౌజుతోనే కడగండి. బాగా ఉడికిన మాంసం తింటే ఈ జబ్బు రాదు, భయం లేదు.

పశువు దగ్గర పనిచేశాక, గోమారి కుట్టాక రెండు వారాలు ఒంటి మీద కన్నేసి ఉంచండి. ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, నడుం నొప్పి, వాంతులు, కళ్లు మంట వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. చిగుళ్లలో, ముక్కులో రక్తం వచ్చేదాకా ఆగొద్దు. రూములో దొరికిన నొప్పి బిళ్లలు మింగొద్దు, కొన్ని బిళ్లలు రక్తం కారడాన్ని ఎక్కువ చేస్తాయి. డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి: "మేకను కోశాను, గోమారి కుట్టింది" అని. భాష రాకపోతే చెప్పగలిగేవాణ్ణి వెంట తీసుకెళ్లండి. ఈ ఒక్క మాట చెబితే డాక్టరుకి దారి దొరుకుతుంది. తోడు వెళ్లినవాళ్లు జబ్బు మనిషి రక్తాన్ని, వాంతిని ఉత్త చేత్తో ముట్టొద్దు. మరీ సీరియస్‌గా ఉంటే 9999కి ఫోన్ కొట్టండి.

ఒక రోజు జీతం పోతుందని, బతాకా గడువు అయిపోయిందని దాచుకుని రూములో పడుకోకండి. రూములో ఎవడైనా మూలుగుతుంటే పక్క మంచం వాడు ఊరుకోకండి. ఈ మెసేజ్ చదవడం రానివాళ్లకి చదివి వినిపించండి.