చెవికి అందని పాఠం కంటికి అందాలి



మన పాతబస్తీలో లాల్ దర్వాజా, గౌలిపురా, అలియాబాద్, శాలిబండ, ఏ పేట తీసుకున్నా డిగ్రీ ముగించి ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న పిల్లలు కనిపిస్తారు. బ్యాంకు పరీక్షలంటారు, గ్రూప్ వన్, గ్రూప్ టూ అంటారు, సివిల్స్ అంటారు. వీటి కోసం దిల్‌సుఖ్‌నగర్‌కో, అశోక్‌నగర్‌కో పోయి కోచింగు తీసుకుంటారు. ఇంటి ఖర్చుల్లో పొదుపు చేసిన డబ్బు ఈ ఫీజులకు ఎలా కరిగిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ పిల్లల్లో చెవులు వినిపించనివారూ ఉన్నారు. ఈ రోజు వారి గురించి మాట్లాడుకుందాం.

మలక్‌పేటలో ప్రభుత్వ బధిరుల పాఠశాల ఉంది. అటువంటి బడిలో ఉపాధ్యాయులకు ఈ పిల్లల సంగతి తెలుసు. బోర్డు మీద రాస్తారు, సైగలతో చెబుతారు, ముఖం చూపించి మాట్లాడతారు. బడి దాటి మామూలు కాలేజీలో చేరాక చాలామందికి ఆ సాయం దొరకదు. స్నేహితుల నోట్సులు తెచ్చుకుని ఎలాగో డిగ్రీ గట్టెక్కుతారు. అసలు కష్టం ఆ తరువాత కోచింగు హాలులో మొదలవుతుంది.

వందలమంది కూర్చున్న హాలు. మాస్టారు మైకులో గడగడా చెప్పుకుపోతుంటారు. "పెదవులు చూసి తెలుసుకుంటాడు లెండి" అని మనం తేలిగ్గా అనేస్తాం. మీరే ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రానీయకుండా "పాట, బాట, మాట" అని చూడండి. మూడు మాటలకీ పెదవులు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. ఏది అన్నారో చూసేవారు ఊహించుకోవాలి. కాస్త తెలిసిన సంగతైతే ఊహ అందుతుంది. కొత్త చట్టం పేరో, రాజుల పేర్లో అయితే ఎలా అందుతుంది? ఇక మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ పెదవులు కూడా కనిపించవు.

నోట్సు సంగతి చూడండి. మన పిల్లలు చెవితో వింటూ చేత్తో రాసుకుంటారు. బధిర విద్యార్థికి వినడానికీ, రాయడానికీ ఉన్నవి ఆ రెండు కళ్ళే. తల వంచితే మాట పోతుంది, తల ఎత్తితే రాత పోతుంది. లెక్కల క్లాసులో బోర్డు మీద అంతా ఉంటుంది కనుక ఆ పిల్ల చురుగ్గా చేస్తుంది. చరిత్ర, ఆర్థిక విషయాలు నోటితో చెప్పేసరికి వెనకబడుతుంది. అప్పుడు "దీనికి బుర్ర లేదు" అంటారు. బుర్రకు లోటు లేదు, పాఠం దాని దాకా రాలేదు.

"మిషను పెట్టించాం కదా" అనే తల్లులూ ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేశారు. ఆ పిల్లల్లో పెద్దవారు ఇప్పుడు ఉద్యోగ పరీక్షల వయసుకు వస్తున్నారు. మిషను మేలైనదే. కానీ అది దగ్గరి మాటను అందించినంత బాగా దూరపు మాటను అందించలేదు. పెద్ద హాలులో ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల చప్పుడు, మైకు ప్రతిధ్వని అన్నీ కలిపి చెవిలో పోస్తుంది.

మరి చట్టం ఏమంటోంది? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నూటికి నాలుగుకు తక్కువ కాకుండా దివ్యాంగులకు కేటాయించాలంది. అందులో ఒకటి వినికిడి లోపం ఉన్నవారిది. నలభై శాతం, ఆపైన లోపం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక ఏడు తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ ఖాళీని మరుసటి ఏటికి ఉంచుతారు. అప్పుడూ దొరకకపోతే ముందు ఇతర దివ్యాంగులకు, వారిలోనూ ఎవరూ లేకపోతే మామూలు అభ్యర్థులకు ఇవ్వవచ్చు. అంటే, పాఠం అందక మన పిల్ల పరీక్ష తప్పితే పోయేది ఆ ఒక్క ఏడు మాత్రమే కాదు. ఆమె కోసం ఉంచిన కుర్చీయే చేజారిపోవచ్చు.

అవకాశం దొరికితే వీరు ఎంతవరకు వెళ్ళగలరో చూశాం. రాజస్థాన్‌కు చెందిన మణిరాం శర్మ మొదట సివిల్స్ నెగ్గినప్పుడు వినికిడి లేదన్న కారణంతో ఉద్యోగం దక్కలేదు. పట్టు విడవకుండా మళ్ళీ రాసి, 2009లో నెగ్గి ఐ.ఎ.ఎస్. అధికారి అయ్యారు. కోయంబత్తూరు యువకుడు డి. రంజిత్ 2020 సివిల్స్‌లో 750వ ర్యాంకు తెచ్చుకున్నారు. ఆయన తల్లి కొడుకు కోసం తానే బధిరులకు చదువు చెప్పే శిక్షణ పొందారు. ఆయన పరీక్ష రాసింది మాతృభాష తమిళంలో. మన గ్రూప్స్ పరీక్షలూ తెలుగులో, ఉర్దూలో రాయవచ్చునని గుర్తుంచుకోండి. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సైగల భాషా అనువాదకుని సాయంతో సుప్రీంకోర్టులో వాదించారు. కోర్టులో సాధ్యమైనది కోచింగు హాలులో ఎందుకు సాధ్యం కాదంటారు?

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. భవనాలు దివ్యాంగులకు అనువుగా ఉండాలని అందులో ఉంది. భవనం అనగానే అందరికీ మెట్ల పక్కన ర్యాంపు గుర్తుకొస్తుంది. చెవి వినిపించని పిల్ల మెట్లు చకచకా ఎక్కుతుంది. ఆమెకు కావలసిన ర్యాంపు అక్షరం. దాన్ని మనం అడిగి వేయించుకోవాలి.

అందుచేత ఫీజు కట్టే ముందే నాలుగు మాటలు అడగండి. పాఠం నోట్సు అచ్చులోనో, ఫోనులోనో ముందురోజే ఇస్తారా? ముందు వరుసలో, మాస్టారి ముఖం మీద వెలుగు పడేచోట సీటు ఉంచుతారా? బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దని, తేదీలు, పేర్లు రాసి చూపమని మాస్టారికి చెబుతారా? వీడియో పాఠాలకు కింద అక్షరాలు ఉంటాయా? ఇందులో పెద్ద ఖర్చు పెట్టవలసినది ఏముంది చెప్పండి! బి.సి., ఎస్.సి., మైనారిటీ స్టడీ సర్కిళ్ళు ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి కనుక అక్కడ ఇంకా గట్టిగా అడగవచ్చు. టీ-సాట్ నిపుణ ఛానల్లో ఉద్యోగ పరీక్షల పాఠాలు వస్తాయి. వాటన్నిటికీ అక్షరాలు వేయమని ఒక ఉత్తరం రాయవచ్చు.

మిషను వాడే పిల్లలకు మాస్టారి కాలరుకు తగిలించే చిన్న మైకు ఉంటుంది. ఆయన మాట తిన్నగా మిషనులోకే వస్తుంది. చెప్పిన మాటను తెలుగు అక్షరాల్లో చూపే సదుపాయం ఇప్పుడు ఫోనుల్లోనూ ఉంది. పేర్లు వచ్చినప్పుడు, ఇంగ్లీషు కలిసినప్పుడు తప్పులు పోతుంది కనుక దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

సైగల భాషలో పెరిగిన పిల్లలకు అనువాదకులు కావాలి. ఆ భాషకు సొంత వ్యాకరణం ఉంది. 2021లో వచ్చిన భారతీయ సైగల భాషా నిఘంటువు మూడో కూర్పులో పదివేల పదాలున్నాయి. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ గారి పేరున బధిరుల జాతీయ సంస్థ 1983లో ముంబయిలో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోనే ఉంది. నలుగురైదుగురు తల్లులు కలిసి ఒకే కోచింగు కేంద్రాన్ని ఎంచుకుంటే, ఒక అనువాదకుణ్ణి పెట్టమని అడిగే బలం వస్తుంది. ఒక్కరే అడిగితే "చూద్దాం లెండి" అని పంపేస్తారు.

చివరగా ఇంకొక్క మాట. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగిన పరిస్థితి వస్తే చెవి వినిపించే కొడుకుకే కడతాం. వినిపించని కూతురికి "నీకెందుకమ్మా, సంబంధం చూస్తాం" అంటాం. ఆలోచించండి. రేపు అత్తవారింట్లో తన మాట నెగ్గించుకోవలసింది ఆ పిల్లే. చేతిలో ఉద్యోగం ఉంటే ఆమె మాట నలుగురూ ఆగి వింటారు.

మీ పిల్లలకు చక్కగా వినిపిస్తుందనుకోండి, అప్పుడు కూడా మీరు చేయగలిగింది ఉంది. పక్క సీటులో అలాంటి స్నేహితురాలు ఉంటే, సాయంత్రం తన నోట్సు ఆమెకు చూపించమని మీ అమ్మాయికి చెప్పండి. మన పిల్ల నోట్సు అరిగిపోదు కదండీ!