కొల్లేటిలో మందు కొట్టవచ్చునా?

బషీర్‌బాగ్‌లో ఈ స్మారకోపన్యాసం చేయాలని పిలుపు రాగానే ఈ వక్త ఒప్పేసుకున్నాడు. ఎవరి పేరున సభ జరుగుతున్నదో ఆ మాస్టారి గొడుగు ఏళ్ల తరబడి ఈయన ఇంట్లోనే ఉండిపోయింది. మాస్టారి పాండిత్యం సంగతి ముందు మాట్లాడినవారు చెప్పారు. ముసురు పట్టిన రోజున గొడుగు శిష్యుడి చేతిలో పెట్టి, తాను తడుస్తూ ఆబిడ్స్ వైపు నడిచిపోయిన సంగతి వాళ్లకు తెలియదు. ఆ బాకీ ఈ ఉపన్యాసంతో తీరదు.

ఇక ఉపన్యాస విషయం, కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు, 2002 నాటి రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు తెంచిన ఆపరేషన్, అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా మూడో కాంటూరా అన్న పేచీ, అన్నీ సభకు తెలిసినవే. ఈ వక్త తగాదా వేరే.

1999 అక్టోబరు 4 నాటి 120వ నంబరు జీవో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించి, చేపల చెరువులు వద్దంది. సంప్రదాయ వ్యవసాయాన్ని ఉండనిచ్చింది, పురుగుమందులూ రసాయనాలూ వాడకూడదన్న షరతు మీద. చెరువు గట్టు ఉపగ్రహ చిత్రంలో కనబడుతుంది. వరి మీద కొట్టిన మందు కనబడదు. పొక్లెయిన్లు గట్ల మీదికే వెళ్లాయి.

"రిజిస్టరైన మందు, లైసెన్సున్న కొట్లో కొన్నది, కొడితే నేరమేమిటి?" అని వకీళ్లు అడుగుతారు. వాళ్లు చూపించేది 1968 నాటి పురుగుమందుల చట్టం. దాని పీఠికలో తయారీ, అమ్మకాలతో పాటు 'వాడకం' కూడా ఉన్న మాట నిజమే. కానీ 38వ సెక్షన్ దాకా చదివే ఓపిక ఉండాలి. తన సాగులోని భూమిలో ఎవరైనా వాడుకునే మందుకు ఈ చట్టమే వర్తించదని అక్కడుంది. తనకు పట్టని పనికి ఆ చట్టం అనుమతి ఎలా ఇస్తుంది?

అసలు మాట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 32వ సెక్షన్‌లో ఉంది. అభయారణ్యంలో వన్యప్రాణికి హాని చేయగల రసాయనాలు, పేలుడు పదార్థాలు, మరేవైనా సరే, వాడరాదు. అది నీళ్లలో విషం కలిపే వేటగాళ్ల కోసమేనని ఇంకో వాదం. అదే నిజమైతే 'వేట' నిర్వచనంలోనే విషం పెట్టడాన్ని చేర్చిన చట్టానికి మళ్లీ ఈ సెక్షన్ దేనికి? పైగా ఇందులో ఉద్దేశం ఊసే లేదు. హాని చేయగలిగితే చాలు, పక్షి చచ్చి పడనక్కర్లేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఈ సెక్షన్ సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతుంది, డెల్టా వరిచేల మురుగు కాలువ ఆగదు. 2017 చిత్తడి నేలల నియమాలు పరిశ్రమలు, పట్టణాలు, గ్రామాల వ్యర్థాలను పేరుపెట్టి ఆపాయి. పొలం మురుగు పేరు ఎత్తలేదు. లంక రైతు ఒక్కణ్నే పట్టుకోవడం న్యాయమా అంటే, ఈ వక్త దగ్గర జవాబు లేదు.

అందుకే ఇప్పుడాయన డబ్బాలు ఏరుతున్నాడు. పొలం గట్ల మీద పారేసిన ఖాళీ డబ్బాల లేబుళ్లు చింపి, ఆరబెట్టి, నోటుబుక్కులో అంటిస్తున్నాడు. ప్రతిదాని మీదా మూల మీద నిలబెట్టిన చతురస్రం, అందులో ఎరుపో పసుపో నీలమో ఆకుపచ్చో రంగు త్రికోణం. ఆ రంగు నిర్ణయించేది ఎలుకల వంటి జంతువుల మీద పరీక్షించిన విషపు మోతాదును బట్టి. చేపకెంత, గూడబాతుకెంత అన్నది అందులో తేలదు. ఆకుపచ్చ కనబడితే రైతుకు ధైర్యం. సభకు ఆయన తెచ్చిన డబ్బా మీద నీలం త్రికోణం వెనక వరుసకూ కనబడింది. పక్కనున్న చేపల హెచ్చరికను చదవమని ముందు వరుసలో ఒకరికిస్తే, ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, డబ్బాను దూరం పెట్టి, దగ్గర పెట్టి, పక్కాయనకు అందించారు.