కారు వెనుక ఇల్లు: కొనే ముందు చూడవలసినవి



అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న ఇంటిబండి, అంటే ట్రావెల్ ట్రెయిలర్, కొంటున్నారు. మనం వెళ్ళినప్పుడు మనల్నీ అందులోనే తిప్పుతారు. రైలుపెట్టెల మరమ్మతులో సర్వీసంతా గడిపినవాడిగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ బండికి మొదటి శత్రువు వాననీరు. చాలా బండ్లకు కొయ్య చట్రం మీద అల్యూమినియం రేకు వేస్తారు. అతుకుల్లో నీరు దిగితే లోపల కొయ్య కుళ్ళుతుంది, పైకి తెలియదు. కనుక కిటికీల కింద గోడను, మూలల్లో నేలను గట్టిగా నొక్కి చూడాలి. మెత్తగా ఉంటే వదిలేయాలి. అలమార్లు తెరిచి ముక్కవాసన వస్తుందేమో చూడాలి. స్కాంప్ వారి 13 అడుగుల బండి వంటివాటిని ఫైబర్‌గ్లాసుతో రెండు చిప్పలుగా పోసి కలుపుతారు. వాటికి అతుకులు తక్కువ. అయినా కిటికీల చుట్టూ చూడక తప్పదు.

తరువాతది బరువు. ఖాళీ బండిని కాదు, నీళ్ళు, సామాన్లు నిండిన బండిని కారు లాగగలగాలి. ఆ బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. తగ్గితే వేగంలో బండి తోక ఊపుతుంది, ప్రాణాపాయం.

టైరు మీది డాట్ నంబరులో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది.

మెరుగు చూసి కాదు, అతుకు చూసి కొనమని పిల్లలకు చెప్పండి. సెలవు.