సులోచనములు ధరించిన బాలలు – వారి బొమ్మల పుస్తకములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

ఈ సభలో నేను భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో మాటలాడుదునని పెద్దలు తలచియుందురు. నేడు నేను ఎన్నుకొన్న విషయము అంతకంటె చిన్నది. కళ్లజోడు పెట్టుకొనవలసి వచ్చిన పిల్లల కథలు చెప్పు బొమ్మల పుస్తకములను గూర్చి కొంత మనవి చేసెదను. మన ఊరినుండి అమెరికా వెళ్లి స్థిరపడిన ఒక కుటుంబమువారు పంపిన పెట్టెలో ఇట్టివి రెండు వచ్చినవి. మూడవ దానిని మనమే చెన్నపట్టణమునుండి తెప్పించితిమి. ‘ఇవి పసివాండ్ర ఆటవస్తువులు, బీరువాలో చోటు దండుగ’ అని ఒకరిద్దరు మిత్రులు అనిరి. వారికి సమాధానముగానే ఈ నాలుగు మాటలు.

కంటియద్దములకు మన భాషలో సులోచనములని ఎంత సొగసైన పేరున్నది! మంచి కన్నులని అర్థము. కాని ఆ పేరులోని గౌరవమంతయు పెద్దలకే చెల్లుచున్నది. నలుబది దాటినవానికి చత్వారము వచ్చి జోడు పెట్టినచో ముఖమునకు పాండిత్యము వచ్చినదందురు. విజయనగరమున వ్యాసరాయలవారు కంటియద్దములతో గ్రంథము చదువుచుండిరని సోమనాథకవి వ్యాసయోగిచరితమున చెప్పినట్లు పరిశోధకులు పి.కె. గోడేగారు ఎత్తిచూపిరి. ఆ మాట చదివినపుడు నాకెంతయో సంతోషము కలిగినది. అదే జోడు తొమ్మిదేండ్ల పిల్ల ముక్కుపై నిలిచినచో దానికి ‘సోడాబుడ్డి’ అని పేరు. ఆడపిల్ల యైనచో బయటివారు అననక్కరలేదు. ఇంటిలోనివారే ‘పెండ్లిచూపులవారు వచ్చినపుడు ఏమందుము?’ అని తీసి దాచెదరు. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10వ తేదీన కంటివెలుగు పథకము ఆరంభమై, తొలుత బడిపిల్లలకే పరీక్షలు జరిగినవి. అప్పుడు వచ్చిన జోళ్లలో కొన్ని మన వీధులలోనే ట్రంకుపెట్టెలు దాటి బయటకు రాలేదు. అవి లోపల ఉండగనే పిల్లల ముఖములు పెరిగి, చట్రములు చిన్నవైపోయినవి.

కనుగ్రుడ్డు పొడవు ఎక్కువైనచో దూరపు వస్తువు రూపము కంటి వెనుక తెరపై పడక, దానికి ముందే పడుననియు, పుటాకార కటకము ఆ రూపమును సరియైన చోటికి చేర్చుననియు వైద్యులు చెప్పుదురు. ఇంతవరకు శాస్త్రము సులభమే. కష్టము వేరొకచోట నున్నది. చిన్ననాటినుండి మసకచూపుతో పెరిగిన పిల్లకు తన చూపు తక్కువయని తెలియదు. లోకమే అట్లుండునని తలచును. చెరువుగట్టుమీది చింతచెట్టు ఆమెకు ఒక పచ్చని ముద్ద. ఆకులు విడివిడిగా కనబడవలెనని ఆమెకు చెప్పినవారెవరు? నల్లబల్ల కనబడుట లేదని చెప్పదు. ప్రక్కపిల్ల పుస్తకము చూచి వ్రాసికొనును. అటుపిమ్మట మందమతియను పేరు వచ్చును. ఈ సంగతి ఆ పిల్లకు గాని, ఆమె తల్లికి గాని మాటలతో బోధపరచుట మిక్కిలి కష్టము. నాబోటివాడు గంటసేపు ఉపన్యసించినను కాని పనిని బొమ్మ ఒక్క పుటలో చేయును.

ఎల్లెన్ రాస్కిన్ అను అమెరికా రచయిత్రి 1968లో వ్రాసి, తానే బొమ్మలు గీసిన ‘స్పెక్టకిల్స్’ అను పుస్తకము చూడుడు. ఐరిస్ ఫోగెల్ అను చిన్నపిల్లకు ఇంటి వాకిట నిప్పులు గ్రక్కు ఘోరమృగము నిలిచియున్నట్లు కనబడును. పుట త్రిప్పితిమా, అక్కడ నున్నది అవ్వ వరుసైన ఫానీ! ఆకారము అదే, నిలిచిన తీరు అదే. మన వేదాంతులు రజ్జుసర్పభ్రాంతి యని చెప్పునది ఇదియే గదా. ఆలంకారికులు దీనిని భ్రాంతిమంతమనిరి. మయసభలో సుయోధనుడు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమించినపుడు చూచినవారు నవ్విరి. ఆ నవ్వు ఎంతదూరము పోయినదో భారతము చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. రాస్కిన్ పుస్తకమున మనము ఐరిస్‌ను చూచి నవ్వము. మొదటి పుటలో ఆమెతోపాటు మనమును ఆ మృగమునే చూచితిమి గదా! చూపున్నవానికి చూపులేనివాని లోకము కొంతసేపు అరువిచ్చుట ఈ పుస్తకము చేసిన పని. మూడింటిలో నాకు ఇదియే మిన్న.

రెండవది మార్క్ బ్రౌన్ 1979లో ప్రచురించిన ‘ఆర్థర్స్ ఐస్’. ఇందు నాయకుడు ఆర్డ్‌వార్క్ అను ఆఫ్రికా జంతువు పిల్ల. మన పిల్లలవలెనే బడికి పోవును. జోడు పెట్టినంతనే స్నేహితులు హేళన చేయుదురు. అతడు దానిని వదిలించుకొనజూచి, మసకచూపుతో ఆడపిల్లల మరుగుదొడ్డిలోనికి పోవును. ఆ పుట వచ్చినపుడు మన పిల్లలు నవ్విన నవ్వుకు గ్రంథాలయము పైకప్పు ఎగురునా యనిపించినది. నాకు నచ్చినది దాని తరువాతి ఘట్టము. ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి తన కళ్లజోడు చూపించును, ఉపదేశము తక్కువ. చివర హేళన చేసిన ఫ్రాన్సీనే, అద్దములు లేని ఉత్తి చట్రము పెట్టుకొని సినిమాతారవలె వచ్చును. ఇది ముచ్చటగానున్నను నాకు నమ్మిక కలుగలేదు. మన వీధిలో వెక్కిరించినవాడు మరునాడు జోడు కావలెనని ఏడ్వడు. తానును ధరించినవాడే గాని జోడు మంచిది కాదనినట్లు పిల్లకు తోచినచో, ఎవ్వరును ధరింపని తరగతిలో ఆమె గతి యేమి?

మూడవది ప్రియా కురియన్ గీసిన ‘అమ్మచ్చీస్ గ్లాసెస్’. తూలికవారు 2017లో వెలువరించిరి. ఇందు మాటలే లేవు. పొద్దున లేచిన ముసలమ్మకు జోడు కనబడదు. ఆపైన ఇల్లంతయు గందరగోళమే. అక్షరము రాని అవ్వ మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని చదువగల పుస్తకము గనుక, మన గ్రంథాలయమునకు ఇట్టివి ఇంకను కావలెను. అవ్వ పొరపాటును చూచి మనుమరాలు నవ్వును. అందు ద్వేషము లేదు.

కార్యవర్గమువారికి నా మనవి యేమనగా, వీనిని తాళము వేసిన బీరువాలో పెట్టక, పిల్లల చేతికి అందు అడుగు అరలో ఉంచవలెను. జోడున్న పిల్లలకే ఇచ్చుట తగదు. వెక్కిరించువారికి ముందుగా ఈయవలెను. చిరిగినచో చిరుగనిండు, లెక్క నేను వ్రాసికొందును.

మరియొక కోరిక. ఈ మూడింటిలో మన ఊరి పిల్ల లేదు. జోడు పెట్టుకొన్నందుకు కథ మొదట ఏడ్వక, చివర బహుమానమును గెలువక, ఊరక జోడు పెట్టుకొని చింతచెట్టు ఆకులు చూచుచు గట్టుమీద నడచు తెలుగుపిల్ల బొమ్మల పుస్తకము ఒకటి మన అరలో ఉండవలెను. కథ వ్రాయువారు మన ప్రాంతమున కొదువ లేరు; బొమ్మ గీయువారు కావలెను. అట్టివారెవరైన ఈ సభలో నున్నచో, సభానంతరము నన్ను కలిసికొనవలసినదిగా కోరుచున్నాను.